పర్మిట్లో లేని జంతువు

పాతబస్తీలో పత్తర్‌గట్టి కమాన్ల వెనక, అత్తరు దుకాణాలు దాటాక వచ్చే సందులో అహల్యకు తుపాకులు బాగుచేసే దుకాణం ఉంది. ఆమె తాత ఒక నవాబుగారి దేవిడీలో బందూకులు తుడిచే కొలువు చేసేవాడు. దేవిడీ చేతులు మారాక ఆ పనిముట్లతోనే ఈ దుకాణం పెట్టాడు. తాత తర్వాత తండ్రి అమరనాథ్ నడిపాడు, ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ల అహల్య నడుపుతోంది. బ్యాంకు గార్డుల తుపాకులు, ఊళ్లలో లైసెన్సు ఉన్న రైతుల తుపాకులు, వాడకుండా అటకెక్కించి తుప్పు పట్టించుకున్న పెద్దింటివాళ్ల తుపాకులు ఆమె దగ్గరికే వస్తాయి. బాగుచేయడమే కాదు, కాల్చడమూ ఆమెకు వచ్చు. పంటలు పాడుచేసే అడవిపందులను కొట్టడానికి అనుమతి ఉన్న షూటర్ల జాబితాలో ఆమె పేరుంది. ఆ జాబితాలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

శివరాత్రికి ఇంకా పది రోజులున్నాయనగా, మధ్యాహ్నం మూడింటికి శ్రవణ్‌కుమార్ దుకాణంలోకి దూసుకొచ్చాడు. అతనికి కిషన్‌బాగ్‌లో టైల్స్ దుకాణం, ముప్పై అయిదేళ్ల వయసు, వయసుకు మించిన హుషారు. పాతబస్తీలోని షికారీల సంఘానికి కార్యదర్శి కూడా అతనే.

"దొరికింది అక్కా, పర్మిట్! నాగులకుంట. రెండు దినాలు. మక్క చేన్లు మొత్తం ఆగం చేసినయంట పందులు. నీ పేరు, నా పేరు రాసిండ్రు."

అహల్య ఒక పాత తుపాకీ చెక్క కుందాకు నూనె పట్టిస్తోంది. కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఆమెకు అదొక అలవాటు. తుపాకీ అయినా కాగితమైనా లోపల ఏముందో చూడకుండా పక్కన పెట్టదు.

"మంచిది. పోదాం."

శ్రవణ్ స్టూలు దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

"ఇంకో ముచ్చటుంది. ఊరెనక గుట్టమీద తోడేళ్లున్నయి. ఈ నెలలనే అయిదు గొర్రెపిల్లల్ని ఎత్తుకపోయినయంట. ఊర్ల కొందరు అడుగుతున్నరు. పందుల్ని పూడ్చే గుంతలనే వాటిని గూడ ఏసేద్దాం. ఎవరు తవ్వి చూస్తరు?"

"పర్మిట్ల తోడేలని రాసిందా?"

"గట్ల ఎవరు రాస్తరక్కా!"

"మరింకేంది?"

మూలన పడకకుర్చీలో పేపరు చదువుతున్న అమరనాథ్ పేపరు దించాడు. ఎనభై ఏళ్ల మనిషి. చెవులు కొంచెం మందగించాయి కానీ తోడేలు అన్న మాట మాత్రం ఆయనకు ఎంత దూరంనుంచైనా వినబడుతుంది. అడవి జంతువులను కాపాడే చట్టం రాకముందు, ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసులో, పాలమూరు మిట్టల్లో ఆయన తోడేళ్లను వేటాడినవాడు. ఒకసారి ఒక తండాలో నాలుగేళ్ల పిల్లను తోడేలు ఎత్తుకుపోతే ఆ తండావాళ్లు ఈ దుకాణానికే వచ్చి ఆయనను బండిలో తీసుకుపోయారు. మూడు రోజులు తిరిగి దాన్ని కొట్టాడు. ఆ పిల్ల కాలి కడియం పొదల్లో దొరికితే తల్లి చేతిలో పెట్టింది ఆయనే.

"నువ్వు ఆ తల్లి మొఖం చూడలే, బిడ్డా," అన్నాడు. "చూసినోడు గిట్ల పర్మిట్ కాగితం అడ్డం పెట్టి మాట్లాడడు."

"అది చేసినదాన్ని కొట్టిండ్రు గదా బాపూ. అయిపోయింది. ఇవి ఏం చేసినయి?"

"రేపు చేస్తయి. తోడేలు దొంగ. షికారీ ఒకటి కొడ్తడు, ఒకటి తింటడు. అది దొడ్లె జొరబడ్డదంటె పదింటిని కొరికి ఒకటి తింటది."

"పోయినేడు కందిచేను కాడ ఏమైందో చెప్పిన గదా. పంది ఏడు పిల్లలేసుకొని తిరుగుతున్నది. శ్రవణూ నేనూ రెండు దినాలు కూసున్నం. ఒక్కటి దొరకలే. తోడేళ్ల జంట వచ్చి అరగంటల నాలుగు పిల్లల్ని పట్టుకపోయింది. తుపాకి లేదు, పర్మిట్ లేదు. అది గూడ షికారీయే బాపూ. దానికి లైసెన్సు మనమియ్యలే, గుంజుకునేటందుకు."

"షికారీ అంట!" అమరనాథ్ మళ్లీ పేపరెత్తాడు. "తోడేలు మీద జాలిపడే షికారీని నేను ఎన్నడూ చూడలే."

"జాలి అని ఎవరన్నరు?"

శ్రవణ్ ఇద్దరి మధ్యా చేతులూపాడు. "మీ తండ్రీబిడ్డల లొల్లి తర్వాత చేసుకోండ్రి. వస్తున్నవా లేదా అక్కా? నువ్వు రాకుంటే పర్మిట్ నడువది."

"పందులకైతె వస్త. తోడేలు మీదికి తుపాకి లేస్తే ఊకోను."

"సరే, సరే. నీ మాటే," అన్నాడు శ్రవణ్. అంత తొందరగా ఒప్పుకోవడం అహల్యకు నచ్చలేదు. అయినా మక్క రైతులు ఎదురుచూస్తున్నారు. వాళ్ల నష్టం కళ్లారా చూసింది కాబట్టి వెళ్లక తప్పదనుకుంది.

అమరనాథ్ పేపరు వెనకనుంచి, "నేనూ వస్త," అన్నాడు.

* * *

దబీర్‌పురాలోని ఇంటినుంచి తెల్లవారకముందే బయలుదేరారు. నాగులకుంట చేరేసరికి ఎండ పొడుచుకొస్తోంది. మొదటి గంటలోనే మక్కచేను అంచున మూడు పందులు పడ్డాయి, రెండు అహల్య చేతిలో, ఒకటి శ్రవణ్ చేతిలో. ఊరివాళ్లు గుంత తవ్వి పూడ్చారు. ఒక రైతు విరిగిపడిన కంకులు రెండు తెచ్చి అహల్య చేతిలో పెట్టి, "సూడమ్మా, తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ," అని కళ్లు తుడుచుకున్నాడు.

పని అయిపోయింది. కానీ శ్రవణ్ తుపాకీని బండిలో పెట్టలేదు. "ఒక్కసారి గుట్టదిక్కు నడిచొద్దాం. ఊకెనే," అన్నాడు. అమరనాథ్ అప్పటికే చేతికర్ర ఆనించుకుంటూ ఆ దారి పట్టాడు. అహల్య వెనక నడిచింది. తన తుపాకీలో రెండు తూటాలు అలాగే ఉంచింది.

గుట్ట కింద గడ్డిమైదానంలో గొర్రెల మంద మేస్తోంది. కాపరి పేరు ఎల్లయ్య. అరవై దాటినవాడు. భుజాన గొంగడి, పక్కన మెడకు మేకుల పట్టీ కట్టిన కుక్క. ఎత్తుకుపోయిన అయిదు పిల్లలూ ఇతని మందలోవే.

"నువ్వేనా అన్నా ఎల్లయ్యవు?" శ్రవణ్ ఉత్సాహంగా అడిగాడు. "తోడేళ్ల బొరియ ఎక్కడుందో చూపియ్. నీ పీడ ఇయాల్టితోని ఖతం."

ఎల్లయ్య ముగ్గురినీ, మూడో మనిషి చేతికర్రనూ చూశాడు.

"సూపియ్య," అన్నాడు.

"ఎందుకు? నీ గొర్లనే గదా తిన్నయి?"

"నా గొర్లనే. మొన్న తిన్నది మస్తు పిల్ల. నాలుగు దినాలు నాకు బువ్వ పోలే. కనపడ్తె రాళ్లు పెట్టి కొడ్త. కుక్కనిడుస్త. అది నాకూ దానికీ ఉన్న పంచాయితి. మా తాత కాడికెల్లి ఉన్నది. మందల దాని వంతు దానికి పోతది, మిగిలింది మాది. నడుమ నువ్వెవరు?"

అమరనాథ్ ముందుకొచ్చాడు. "రేపు నీ మనుమరాలిని ఎత్తుకపోతే?"

"గప్పుడు నేనే సంపుత, సారూ. మిమ్ముల పిలువను." ఎల్లయ్య గొంతు పెంచలేదు. "అవతలి గుట్టమీద ఒకప్పుడు ఉండె తోడేళ్లు. ఎవరో మందు పెట్టి సంపిన్రు. గా దినం సంది ఆడ ఊరకుక్కలు గుంపులు గుంపులైనయి, పందులు ఊర్లకొచ్చినయి. తోడేలు ఒకటి తీసుకపోతది. ఊరకుక్కలు దొడ్డి దొడ్డినే ఆగం చేస్తయి. గీ మక్క చేన్లోళ్లకు ఆ ముచ్చట ఎరుకలేదు. నేను సూసిన."

 అమరనాథ్ కళ్లు ఎల్లయ్యను దాటి గుట్టమీదికి పోయాయి. అహల్య కూడా అటు చూసింది.

రాళ్ల వరుస పక్కన, మట్టిరంగులో కలిసిపోయి, ఒక తోడేలు నిలబడి ఉంది. సన్నగా, ఎత్తుకాళ్ల మీద. దాని పొట్ట కిందినుంచి రెండు పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి పొర్లుతున్నాయి. తల్లి గాలిని వాసన చూస్తోంది. గాలి అటునుంచి ఇటు వీస్తోంది కాబట్టి మనుషుల వాసన దానికి అందలేదు.

శ్రవణ్ తుపాకీ భుజానికెక్కింది.

"అరవై గజాలు," గుసగుసగా అన్నాడు అమరనాథ్. ముసలితనమంతా ఆ గొంతులోంచి ఎటో పోయింది. "ఊపిరి పట్టుకో. కొంచెం కిందికి. అది మొఖం తిప్పేదాంక ఆగు."

 చిన్నప్పుడు గోల్కొండ వెనక మట్టిగోడల మీద గురిచూడడం నేర్పినప్పుడు అహల్యతో అన్న మాటలే అవి. అదే గొంతు.

"దించు, శ్రవణ్."

అతను దించలేదు.

"నిన్నే. దించు."

అతని వేలు ఘోడా మీట మీదికి పోవడం ఆమె చూసింది. ఇక మాటలతో పని లేదు. తన తుపాకీని మనుషులకూ గొర్రెలకూ దూరంగా, పక్కనున్న ఖాళీ కందకం మట్టికట్టలోకి తిప్పి కాల్చింది. గుట్ట రెండుసార్లు ప్రతిధ్వనించింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. కుక్క మొరిగింది. రాళ్ల దగ్గర తల్లీ లేదు, పిల్లలూ లేవు, కాస్త దుమ్ము మాత్రం లేచి ఉంది.

"పిచ్చి లేసిందా నీకు?" శ్రవణ్ మొహం ఎర్రబడింది. "చేతికొచ్చింది చెడగొట్టినవ్!"

"చెప్పిన గదా ఊకోనని. నువ్వు సరే అన్నవ్."

"ఒక్క జంతువు కోసం మనోళ్ల మీద తుపాకి పేలుస్తవా?"

"నీ మీద పేల్చలే, మట్టిల పేల్చిన. నేను ఏడ పేలిస్తే ఆడనే తగుల్తది. కావాలంటే పోయి చూసుకో, కట్టల రంధ్రం ఉంటది."

అమరనాథ్ కూతురివైపు చూడలేదు. కర్ర నేలకు కొట్టుకుంటూ బండివైపు నడిచాడు. 

* * *

మర్నాడు దుకాణంలో అహల్య తెల్లకాగితం తీసుకుని అటవీ అధికారికి ఉత్తరం రాసింది. పందుల పర్మిట్ మీద వెళ్లి తోడేలు మీద తుపాకీ ఎత్తిన సంగతి, ఎత్తింది ఎవరన్నది, ఆపడానికి తాను కాల్చిన తూటా సంగతి కూడా, ఒక్కటీ దాచకుండా రాసింది. కింద సంతకం పెట్టి పేరు విడిగా మళ్లీ రాసింది.

అమరనాథ్ భుజం మీదుగా చదివాడు.

"పేలలే గదా శ్రవణ్ తుపాకి. తోడేలు సావలే గదా. మన లొల్లి మన నడుమనే ఉండనియ్. సర్కారు కచేరీలకు ఎక్కియ్యకు. అరవై ఏండ్ల సంది సంఘంల ఉన్న, ఒక్కలు గిట్ల చెయ్యలే."

"ఒక్కలు చెయ్యలే కాబట్టే శ్రవణ్ గుంతల ఏసేద్దాం అనేకాడికి వచ్చిండు."

"నీ దుకాణానికి ఎవరూ రారు."

"రాకపోతే రాకపోనీ."

ఉత్తరం పోస్టులో వేస్తే ఎక్కడో ఆగిపోతుందని, బస్సెక్కి వెళ్లి చేతికిచ్చి ముద్ర వేయించుకుని వచ్చింది.

వారం తిరగకుండానే ఆ జిల్లాలో శ్రవణ్ పేరు మీద పర్మిట్లు ఆగాయి. ఆ మర్నాడే సంఘం సమావేశం అన్నారు. అధ్యక్షుడు వేణుగోపాల్ బట్టల టోకు వ్యాపారి, ఎవరినీ నొప్పించని మనిషి. అతని దుకాణం మీది గదిలో ఇరవైమంది పరుపుల మీద కూర్చున్నారు. చాయ్ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. అహల్య ముందున్న కప్పు చల్లారిపోయింది.

తోడేలు సంగతి ఎత్తగానే తలా ఒక మాటన్నారు. కుందేళ్లన్నిటినీ అదే తినేస్తోందని ఒకరు. దాన్ని చూసి నడక నేర్చుకున్నవాడే అసలు షికారీ అని మా ఉస్తాద్ చెప్పేవాడని ఇంకొకరు. అది లేకపోతే పందులు ఇంకా పెరుగుతాయని ఒకరంటే, పందులు పెరిగితేనే కదా మనకు పర్మిట్లు అని వెనకనుంచి ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు అహల్య తలతిప్పి చూసింది. 

"చూడమ్మా అహల్యా," వేణుగోపాల్ మెల్లగా మొదలుపెట్టాడు, "తోడేలు మంచిదా చెడ్డదా అన్నది ఇయాల తేలేది కాదు. నువ్వా ఉత్తరం వాపస్ తీస్కో. పొరపాటున రాసిన అని ఒక్క లైన్. శ్రవణ్ గూడ నీకు మాఫీ చెప్తడు. బాత్ ఖతం."

"పొరపాటున రాయలే, వేణన్నా. కూసొని, ఆలోచించి రాసిన."

"మనిషికన్నా తోడేలెక్కువైందా నీకు?" శ్రవణ్ లేచాడు. "అదిగాక ఆమె గురి తప్పి నా పక్కకెల్లి కాల్చింది. నా ప్రాణం పోయేది. అది రాసిందా?"

గది గోలగోలగా మారింది. వేణుగోపాల్ చేయెత్తి, "మనోళ్లల ఆడ ఉన్నది ఇంకొక్క మనిషే. అమరనాథ్ సాబ్, మీరు చెప్పండ్రి," అన్నాడు.

అమరనాథ్ కర్ర సాయంతో లేచి నిలబడ్డాడు.  ఆయన ఏమంటాడో అహల్యకు నిజంగా తెలియదు.

"నా బిడ్డ గురి తప్పలే," అన్నాడు. "తప్పే గురి గాదు దానిది, నేర్పింది నేను. పేల్చింది మట్టికట్టల. శ్రవణ్ నుంచి ఇరవై గజాల అవతల. పర్మిట్ల లేని జంతువు మీద తుపాకి ఎత్తింది శ్రవణ్. దూరం చెప్పింది నేను. అదీ నిజమే, రాసుకో."

శ్రవణ్ కూర్చున్నాడు. అమరనాథ్ మాత్రం నిలబడే ఉన్నాడు.

"తోడేలు విషయంల మా అహల్యది తప్పు. నేను సచ్చేదాంక గదే అంట. సంఘం ముచ్చట బయటికి మోసింది, అది ఇంకా పెద్ద తప్పు."

వేణుగోపాల్ నిట్టూర్చి, అహల్యను సంఘంనుంచి తీసేయడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. ఒకటొకటిగా చేతులు లేచాయి. పదమూడోది అమరనాథ్‌ది.

అహల్య నరాలు తేలిన ఆ చేతినే చూసింది.  ఆమె లేచి నిలబడింది.

"తీసెయ్యండ్రి. షూటర్ల జాబితా మీది కాదు, సర్కారుది. నా దుకాణం మీది కాదు, నాది. ఉత్తరం వాపస్ రాదు. రేపు మళ్లీ ఎవరన్న గట్ల తుపాకి ఎత్తితే మళ్లా రాస్త. ఈ గదిల ఎవరైనా సరే, బాపూ నువ్వైనా సరే."

మెట్లు దిగి పత్తర్‌గట్టి జనంలోకి వచ్చింది. గాజులు బేరమాడుతున్న ఆడవాళ్ల మధ్యనుంచి దారి చేసుకుంటూ దుకాణందాకా ఎక్కడా ఆగకుండా నడిచింది.

సాయంత్రం ఇంట్లో కంచం పెట్టింది. అమరనాథ్ చారులో అన్నం కలుపుకుంటూ అన్నాడు: "నిజం చెప్పిన. చెయ్యి గూడ ఎత్తిన. రెండూ నావే."

"ఎత్తుకో. నేనేమన్న అడిగిన్నా?"

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. మస్తు వచ్చింది. తిను."

ఆయన తిన్నాడు. ఆమె కూడా ఎదురుగానే కూర్చుని తింది. ఆ ఇంట్లో కోపానికి కంచాలు వేరుకావడం ఎన్నడూ లేదు.

* * *

అమరనాథ్ అన్నట్టే దుకాణానికి రాకపోకలు తగ్గాయి. సంఘంవాళ్లు తమ తుపాకులను సికింద్రాబాద్‌లో ఇంకెవరికో ఇవ్వడం మొదలుపెట్టారు. ఊళ్ల రైతులు మాత్రం మానలేదు. వాళ్లకు సంఘం సంగతి తెలియదు, ఆమె చెయ్యి పడితే తుపాకీ మొరాయించదని మాత్రం తెలుసు. అమరనాథ్ రోజూ పొద్దున వచ్చి కుర్చీలో పేపరు చదివేవాడు, ఆదివారం సంఘానికి పోయేవాడు. వచ్చాక అక్కడి మాటలు ఆమెకు చెప్పేవాడు కాదు, ఆమె అడిగేదీ కాదు.

శ్రావణమాసంలో నాగులకుంట నుంచి మళ్లీ కబురొచ్చింది. కొత్త మక్కచేన్లలో పందులు పడ్డాయి. ఈసారి పర్మిట్‌లో ఒక్క పేరే ఉంది. సంఘంవాళ్లెవరూ ఆమె వెంట పోకూడదని వేణుగోపాల్ మెత్తగా అందరికీ చెప్పాడట. సరేనని అహల్య ఒంటరిగానే వ్యాన్ తీసింది. బయలుదేరేముందు అమరనాథ్ వాకిట్లోకి వచ్చి, "తడి గడ్డిల అడుగు పైలం," అన్నాడు. 

పందులను తోలడానికి మనుషులు కావాలి. ఎల్లయ్య తన కుక్కను, ఇద్దరు కాపరులను వెంటబెట్టుకొచ్చాడు. ఎండెక్కేలోపు నాలుగు పందులు పడ్డాయి. మక్క రైతు వచ్చి దండం పెట్టాడు. గుంత పూడుస్తుంటే ఎల్లయ్య బీడీ ముట్టించి అహల్య పక్కన గట్టుమీద కూర్చున్నాడు.

"అమ్మా, మొన్న శుక్రవారం ఇంకో పిల్లను పట్టుకపోయింది. గా తల్లితోడేలే. పిల్లలు పెద్దగైనయి, మూడూ కలిసొచ్చినయి. నీవల్లనే బతికినయి గదా, నిన్ను మస్తు తిట్టిన."

"ఏమని తిట్టినవ్?"

"అది నీకు చెప్పేది కాదు."

అహల్య నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నిదానంగా అడిగింది: "మళ్లీ ఎవరన్న తుపాకి పట్టుకొనొచ్చి బొరియ అడిగితే?"

ఎల్లయ్య బీడీ పీల్చి గుట్టవైపు చూశాడు.

"పోయిన నెల వచ్చిండ్రు ఇద్దరు. మీ పట్నమోళ్లే. ఎరుకలేదన్న. గట్టిగడిగిండ్రు. కుక్కనిడిసిన."

తుపాకీ విప్పి గొట్టంలోంచి ఆకాశాన్ని చూస్తూ, వచ్చినవాళ్ల బండి నంబరు గుర్తుందా అని అహల్య అడిగింది. తనకు చదువు రాదు కానీ మనుమరాలు పలకమీద రాసి పెట్టిందన్నాడు ఎల్లయ్య. అహల్య లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పా, మీ ఇంటికి పోదాం. ఒక తెల్లకాగితం గూడ తెచ్చియ్."